పిల్లలకు తిండంటే వెగటు ఎలా పుడుతుంది? అపోహలు – వాస్తవాలు

ఓపీకి వచ్చే అమ్మల్లో చాలామందిది ఒకటే మాట: "గుడ్డు చూస్తేనే ఓకరిస్తున్నాడు మేడమ్, ఆకలి పుట్టే టానిక్ రాయండి." ఆ ఓకరింతకీ ఆకలికీ సంబంధం లేదు. ఎంత ఆకలేసినా వెగటు పుట్టింది గొంతు దిగదు.

అపోహ: నాలుగు రోజులు బలవంతంగా పెడితే అదే అలవాటవుతుంది.

వాస్తవం: అలవాటయ్యేది వెగటే. కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు మూసి, ఏడుస్తుంటే నోట్లో కుక్కితే ఆ వాసనా ఆ భయమూ కలిసి బిడ్డ మనసులో ఉండిపోతాయి. ఇక తిన్నాక వికారం పుడితే ఒక్కసారి చాలు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గార్సియా బృందం 1955లో ఎలుకల్లో చూపించింది ఇదే. సాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు తాగేటప్పుడు వికారం పుట్టించే రేడియేషన్ తగిలిన ఎలుకలు తర్వాత ఆ తీపికే దూరం జరిగాయి. తప్పు నీళ్లది కాదు, అయినా అంతే. వాంతులవుతుంటే "ఏదో ఒకటి పడాలి కడుపులో" అని గుడ్డు కుక్కినా ఇదే జరుగుతుంది. అప్పుడు ఓఆర్ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి, తల్లిపాలు ఆపకండి, మిగతాది అడిగినంతే పెట్టండి. చేదు మాత్రను పెరుగన్నంలో దాచి పెట్టకండి, పెరుగన్నం కూడా పోతుంది. మా చిన్నప్పుడు అమ్మ ఆముదం కాఫీలో కలిపి పట్టించేది. మా అక్కకు ఇప్పటికీ డికాషన్ వాసనకే కడుపులో తిప్పుతుంది, ఇంటికెవరొచ్చినా కాఫీ బావగారే కలపాలి.

మరేం చేయాలి? కొత్త కూర బఠాణీ గింజంత కంచంలో ఓ మూల పెట్టి, తినమనకుండా మీరు తినండి. ముట్టుకుంటాడు, వాసన చూస్తాడు, ఉమ్మేస్తాడు. ఉమ్మనివ్వండి. అలా 8 నుంచి 15 సార్లు పట్టొచ్చు. మూడోసారికే "వీడికి పడదు" అని తేల్చేస్తారు, నాకు బాధ అక్కడే. "కాకరకాయ తింటే చాక్లెట్ ఇస్తా" అన్నా చాక్లెట్ మీదే మోజు పెరుగుతుంది.

అపోహ: ఏడాదప్పుడు అన్నీ తిన్నాడు, ఇప్పుడిది మొండితనం.

వాస్తవం: 2 నుంచి 6 ఏళ్ల మధ్య కొత్త తిండంటే బెదురు సహజం. ఏడాది బిడ్డ మట్టి కూడా నోట్లో పెట్టుకుంటాడు. "ఈగ వాలింది, తినను" అనే అసహ్యం పెద్దవాళ్లను చూస్తూ తర్వాతెప్పుడో వస్తుంది. అందుకే వాళ్ల ముందు "ఛీ, బెండకాయ జిగురు" అనకండి.

నులిపురుగులా? అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ వేయించండి, వెగటు మాత్రం దాంతో పోదు. దిష్టి మీ ఇష్టం, మిరపకాయల పొగ బిడ్డ ముఖం దగ్గర వద్దు.

బరువు తగ్గుతున్నా, నాలుగైదు రకాలు తప్ప ఏదీ ముట్టకపోయినా, మింగేటప్పుడు తరచూ పొలమారుతున్నా ఆలస్యం చేయకుండా చూపించండి. మిగతావాళ్లు కంగారు పడకండమ్మా, ఇది మీ పెంపకం లోపం కాదు. "నీకు పెట్టడం చేతకాదు" అని అత్తగారు అంటుంటే వచ్చేసారి ఆవిడనూ వెంట తీసుకురండి, నేను మాట్లాడతాను.