కారు కింద చిడతలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు వీధి మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే ముందు చక్రం దగ్గర టకటకలాడింది. "తాతయ్యా, కింద ఎవరైనా చిడతలు వాయిస్తున్నారా?" అని అడిగారు. మీ నాన్న పాట శబ్దం పెంచాడు. చప్పుడు పోలేదు, మనకు వినపడలేదు, అంతే. ఆ రోజు బాకీపడ్డ జవాబు ఇది.

అంబాసిడర్‌లో బండిని నడిపేవి వెనక చక్రాలు. ముందువి దారి మళ్లించేవి. 1983లో మారుతి 800 వచ్చాక మన ఇళ్ల ముందున్న చిన్న కార్లలో చాలావాటికి రెండు పనులూ ముందు చక్రాలకే అప్పగించారు. పాపం, అవి తిరుగుతూ తిరుగుతూనే పక్కకు మళ్లాలి. వాటిని తిప్పే యాక్సిల్ ఇనుప కడ్డీ, వంగదు. అందుకే దాని చివర మన భుజం కీలు లాంటి జాయింటు పెట్టారు. ఉక్కు గిన్నెలో గాడులు, ఆ గాడుల్లో సాధారణంగా ఆరు ఉక్కు గుండ్లు, నిండా గ్రీజు. పైన హార్మోనియం తిత్తిలా మడతలున్న రబ్బరు బూటు.

కథంతా ఆ బూటుదే. రబ్బరు ఎండి పగులుతుంది. చక్రం తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఇసుక, నీళ్లు లోపలికి పోతాయి. గుండ్లు ఆ ఇసుకను నూరుతూ గాడులను అరగదీస్తాయి. మలుపులో ఆ వదులే టకటకమంటుంది. ఆ దశలో కొత్త గ్రీజు పూయడం కాలిన అన్నంలో నెయ్యి వేయడమే; జాయింటో, మొత్తం యాక్సిలో మార్చాలి. బూటు చిరగగానే మార్చితే చిన్న ఖర్చు. నేను షెడ్డు నడిపినన్నాళ్లూ ఈ మాట చెబితే "బండి నడుస్తోందిగా" అనేవారే ఎక్కువ.

స్టీరింగ్ వైపు తరచూ అరిగేది టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ చివర ఉండే కీలు. చక్రాన్ని గాలిలోకి లేపి, గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట రెండు చేతులతో పట్టి ఊపితే, అరిగినది కటక్కుమంటుంది. పన్నెండు, ఆరు దగ్గర ఊగితే బాల్ జాయింటునో (చక్రాన్ని బండికి పట్టి ఉంచే గుండు కీలు), చక్రం బేరింగునో అనుమానించాలి. టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి, కొత్తది అన్నే చుట్లు బిగించాలి. పని నేర్చుకునే రోజుల్లో లెక్క మరిచి మేస్త్రీ చేత మొట్టికాయ తిన్నాను. లెక్క సరిపోయినా తరువాత అలైన్‌మెంట్, అంటే చక్రాలు సరైన కోణంలో ఉండేలా సరిచేయడం, చేయించాల్సిందే. లేకపోతే టైరు ఒక అంచునే అరిగిపోతుంది.

ఈ ఆదివారం ఇంజను ఆపించి, చక్రాలు పక్కకు తిప్పించి, పక్కన కూర్చుని టార్చి వేసి చూడండి. బూటు మడతల చుట్టూ నల్లని గ్రీజు చిమ్మి ఉందేమో నాకు రాయండి. జాకీ మీద ఉన్న బండి కిందకు మాత్రం చేయి కూడా పెట్టవద్దు. పాట శబ్దం తగ్గించమన్నానని మీ నాన్నకు చెప్పండి.

మీ
తాతయ్య