రాగి పైరుకు సొంత మోటారు ఉంది

"కార్బన్ డయాక్సైడ్ మొక్కకు తిండే కదా, అది పెరిగితే పంట బాగుండాలి. మరి బియ్యంలో సత్తువ తగ్గుతుందంటారేమిటి?" అని బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఈ అయోమయానికి మన బడి పాఠమే కారణం. కార్బన్ డయాక్సైడ్, నీళ్లు, ఎండ కలిస్తే చక్కెర అని సమీకరణం రాయించి ఊరుకుంటారు. అందులో నత్రజని లేదు, జింకు లేదు, ఇనుము లేదు. వరికి ఇవన్నీ వేళ్ల నుంచే రావాలి.

100 గ్రాముల గింజల్లో 2 మిల్లీగ్రాముల జింకు ఉందనుకోండి. గాలి పుణ్యమా అని పిండి ఎక్కువ పట్టి, అదే జింకుతో 110 గ్రాముల గింజలు పండాయి. ఇప్పుడు 100 గ్రాములకు దక్కేది 1.8 మిల్లీగ్రాములే. పంట పెరిగింది, ముద్ద పలచబడింది.

ప్రోటీన్ తయారీకి కావాల్సిన నత్రజనికి ఇంకో రెండు దెబ్బలు. కార్బన్ డయాక్సైడ్ దండిగా దొరికితే ఆకు తన రంధ్రాలను కొంత మూస్తుంది. నీటి లాగుడు తగ్గుతుంది, ఆ నీటితో కొట్టుకొచ్చే నైట్రేటూ, అంటే మట్టిలోని నత్రజనీ, తగ్గుతుంది. పైగా కార్బన్‌ను పట్టే రూబిస్కో అనే ఎంజైమును ఆకు తక్కువగా తయారుచేసుకుంటుంది. ఆకులోని ప్రోటీన్‌లో పెద్ద వాటా దానిదే, గింజ పాలుపోసుకునేటప్పుడు కరిగి గింజకు చేరేదీ అదే.

చైనా, జపాన్ వరి మళ్లలో దీన్ని ఆరుబయటే పరీక్షించారు. 17 మీటర్ల వెడల్పున ఎనిమిది పలకల గొట్టాల చట్రాన్ని పైరు కంటే అడుగు ఎత్తున అమర్చి, గాలి ఎటు వీస్తుందో చూసుకుంటూ వాయువును వదిలారు. ఇప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు) దాటింది, అక్కడ 568 నుంచి 590 ఉంచారు. 2018లో వెలువడిన ఫలితాల్లో 18 వరి రకాల సగటున ప్రోటీన్ 10.3 శాతం, ఇనుము 8 శాతం, జింకు 5.1 శాతం తగ్గాయి. విటమిన్ల వరస చూడండి, నాకు అన్నిటికంటే అద్భుతంగా తోచేది ఇదే. ఫోలేట్ (బి9 విటమిన్) అణువులో 7 నత్రజని పరమాణువులుంటాయి, అది 30 శాతం పడిపోయింది. బి1, బి2లలో నాలుగేసి, అవి దాదాపు 17 శాతం. బి5లో ఒక్కటే, 12.7 శాతం. నత్రజనే లేని విటమిన్ ఇ తగ్గకపోగా పెరిగింది!

రాగి, జొన్న, మొక్కజొన్నల దారి వేరు. బెంగళూరు ఇళ్లతోనే చెబుతాను. వీధి పైపు నుంచి నేరుగా కొళాయికి నీళ్లొచ్చే ఇల్లు వరి. వీధిలో ప్రెషర్ పెరిగితే కొళాయి ధార పెరుగుతుంది. రాగిది సంపు, మోటారు, మిద్దె మీద ట్యాంకు ఉన్న ఇల్లు. ఆకు బయటి కణాలు సంపు. అక్కడ పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైము కార్బన్‌ను పట్టి నాలుగు కార్బన్ల ఆమ్లంగా మారుస్తుంది. ఈనెల చుట్టూ ఉన్న లోపలి కణాలు ట్యాంకు. ఆమ్లం అక్కడ విడిపోయి రూబిస్కో చుట్టూ కార్బన్ డయాక్సైడ్‌ను కిక్కిరిసేలా నింపుతుంది. ట్యాంకులోంచి కొంత వెనక్కి కారుతుంది కూడా. కరెంటు ఖర్చు ఒక్కో కార్బన్‌కు 2 ఏటీపీలు, అంటే కణానికి శక్తినిచ్చే అణువులు. ఇక వీధిలో ప్రెషర్ ఎంత పెరిగినా మిద్దె కొళాయి ధార మారదు, అదనపు పిండి పట్టి గింజ పలచబడదు. అందుకే 2014లో పలు దేశాల ప్రయోగాలను కలిపి చూసినప్పుడు గోధుమలో జింకు 9.3 శాతం తగ్గినా, మొక్కజొన్న, జొన్న పెద్దగా చలించలేదు. రాగి ఆకులో ఉన్నదీ ఇదే ఏర్పాటు.

సోనామసూరి మానెయ్యమని కాదు, వారంలో మూడు పూటలు సంగటికి ఇవ్వండి. రాగిలోని ఇనుమును ఫైటేట్ అనే పదార్థం ఒంటికి అందకుండా పట్టి ఉంచుతుంది కాబట్టి మొలకెత్తించిన పిండి మేలు. రాగులను ఇసుక పోయేలా కడిగి 10 గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంచేసి, పలచటి నూలుగుడ్డలో మూటకట్టి జల్లెడలో పెట్టండి. ఎండాకాలంలో ఒక రోజు చాలు, డిసెంబరు చలికి రెండు పడుతుంది. మూట అడుగున నీళ్లు నిలిస్తే గింజలు జిగురెక్కి పులుస్తాయి, వాటిని పారబోయాల్సిందే. తెల్లటి మొన కనబడగానే నీడలో ఆరబెట్టి, సన్న సెగ మీద దోరగా వేయించి మరకు పంపండి.