పానిక్ డిజార్డర్: ఈసీజీ నార్మల్ వచ్చాక మొదలయ్యే అపోహలు, వాటి వాస్తవాలు

కోనసీమలోనూ, అటు నర్సాపురం, భీమవరం వైపు ఊళ్ళలోనూ మానసిక వైద్యుల దగ్గరికి పానిక్ డిజార్డర్‌తో, అంటే ఉన్నట్టుండి భయం, దడ పదే పదే ముంచుకొచ్చే జబ్బుతో, వచ్చేవారిలో చాలామంది చేతిలో ఒక దళసరి ఫైలు ఉంటుంది. ఈసీజీ కాగితాలు, టూడీ ఎకో, థైరాయిడ్ రిపోర్టు, కడుపు స్కానింగు, గ్యాసుకు వాడిన మందుల చీటీలు అందులో ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి, అన్నీ నార్మలే. ఆ మాట వారికి ఊరట ఇవ్వకపోగా, ఏ డాక్టరుకూ అంతుపట్టని జబ్బేదో తమకున్నదన్న భయాన్ని పెంచుతుంది. ఈ వృత్తిలో నేను తరచుగా వినే అపోహలను తీసుకుని, వాటి గురించి నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

అపోహ: పరీక్షలన్నీ నార్మల్ అంటే జబ్బేమీ లేదు, అంతా ఊహే.

ఊహ కాదు. ఉన్నట్టుండి గుండె దడ, ఆయాసం, ఛాతీలో నొప్పి, చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, చేతులు తిమ్మిరెక్కడం, చచ్చిపోతున్నామన్న భయం ఒక్కసారిగా ముంచుకొచ్చి, కొన్ని నిమిషాల్లోనే, సాధారణంగా పది నిమిషాల లోపు, తారస్థాయికి చేరి, ఆ తరువాత క్రమంగా తగ్గడాన్ని పానిక్ అటాక్ అంటారు. ఆ సమయంలో గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటుంది, అడ్రినలిన్ నిజంగానే విడుదలవుతుంది. ప్రమాదం ఎదురైనప్పుడు పారిపోవడానికి శరీరం చేసుకునే సన్నాహమంతా ప్రమాదం లేకుండానే జరిగిపోతుంది. జీవితంలో ఒకటి రెండు సార్లు ఇలా రావడం చాలామందికి జరిగేదే, దానిని జబ్బు అనము. కారణం లేకుండా పదే పదే వచ్చి, మళ్ళీ ఎప్పుడు వస్తుందో అన్న దిగులు కనీసం నెల రోజుల పాటు వెంటాడినా, లేదా దాని కోసం మనిషి తన తిరుగుడు, పనులు మార్చుకున్నా అప్పుడు అది పానిక్ డిజార్డర్. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన వర్గీకరణలో దీనిని 1980లోనే ప్రత్యేకమైన జబ్బుగా చేర్చింది.

అయితే మొదటిసారి ఛాతీ నొప్పి వచ్చినవారు దానిని పానిక్ అని తమంతట తాము తేల్చుకోకూడదు. ముఖ్యంగా నలభై దాటినవారు, షుగరు, బీపీ, పొగ తాగే అలవాటు ఉన్నవారు, నడిచినా బరువు ఎత్తినా నొప్పి పెరిగేవారు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకేవారు వెంటనే 108కి ఫోన్ చేయాలి. గుండె లయలో తేడాలు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తహీనత, షుగరు పడిపోవడం, ఉబ్బసం కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి కనుక ఒకసారి శ్రద్ధగా పరీక్ష చేయించుకోవడం అవసరం. ఆ ఒక్కసారి అయిన తరువాత, దడ వచ్చిన ప్రతిసారీ ఇంకో ఈసీజీ తీయించుకుంటే ఆ రోజుకు ధైర్యం వస్తుంది కానీ, ఈసీజీ లేకపోతే ధైర్యం లేదన్న అలవాటు కూడా దానితోపాటే బలపడుతుంది.

అపోహ: ఆ దడలో స్పృహ తప్పుతుంది, ప్రాణం పోతుంది, లేదా పిచ్చెక్కుతుంది.

రక్తపోటు బాగా పడిపోయినప్పుడు మనిషి స్పృహ తప్పుతాడు. పానిక్ అటాక్‌లో సాధారణంగా రక్తపోటు పెరుగుతుంది, అందువల్ల తూలినట్టు అనిపించినా పడిపోవడం అరుదు. వేళ్ళు కొంకర్లు పోవడం చూసి ఇంటివారు పక్షవాతమేమోనని భయపడతారు. గబగబా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, దాని ప్రభావంతో నరాలు చురుగ్గా స్పందించి అలా జరుగుతుంది, ఊపిరి నెమ్మదించగానే సర్దుకుంటుంది. ముఖానికి కవరు పెట్టి అందులోనే ఊపిరి పీల్పించే పాత చిట్కాను మాత్రం మానుకోవాలి. అది నిజంగా ఉబ్బసమో గుండెపోటో అయితే అసలే తక్కువగా ఉన్న ఆక్సిజన్ ఇంకా తగ్గిపోతుంది. పక్కనున్నవారు చేయవలసింది తక్కువే: కూర్చోబెట్టి, చుట్టూ గుమిగూడిన జనాన్ని పంపించి, ఊపిరి నెమ్మదిగా వదలమని చెబుతూ, తగ్గేదాకా దగ్గర ఉండటం.

అపోహ: ఇది గాలి సోకడమో, లేకపోతే ఒంట్లో నీరసమో.

పానిక్ అటాక్ గాఢ నిద్రలో కూడా వస్తుంది. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి, ఊపిరి అందక, చెమటలు కారుతున్న కోడలిని చూసిన అత్తగారికి గాలి, ధూళి గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. తాయెత్తు కట్టిస్తారు, లేదా తెల్లవారకుండానే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకువెళ్ళి సెలైన్ పెట్టిస్తారు. సెలైన్ సీసా అయిపోయేలోగా ఆ దడ ఎలాగూ తగ్గిపోతుంది, పేరు మాత్రం సెలైన్‌కు వస్తుంది. తాయెత్తుకు వచ్చే పేరు కూడా అలాగే వస్తుంది. ఎవరి నమ్మకాన్నీ నేను తప్పుపట్టను, గుడికి వెళ్ళవద్దని ఎవరికీ చెప్పలేదు కూడా. కానీ దడ దానంతట అదే తగ్గుతుందన్న ఒక్క విషయం రోగికి ఎన్నటికీ తెలియకుండా పోవడమే ఇందులోని అసలు నష్టం.

అపోహ: దడ వచ్చిన చోటికి మళ్ళీ వెళ్ళకపోవడమే క్షేమం.

నా ఉద్దేశంలో అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అపోహ ఇదే, ఎందుకంటే ఇది ప్రేమతో చెప్పే సలహా. సఖినేటిపల్లి రేవులో పంటు మీద, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ మీద, ఒకసారి దడ వచ్చిన మనిషి మొదట పంటు ఎక్కడం మానేసి, చుట్టు తిరిగి బస్సులో వెళ్ళడం మొదలుపెడతారు. కొన్నాళ్ళకు బస్సూ కష్టమవుతుంది, తరువాత సంతకు, పెళ్ళిళ్ళకు భర్త తోడు లేనిదే కదలరు, చివరికి గడప దాటరు. "పంటు గోదారి మధ్యలోకి వెళ్ళాక ఏదైనా అయితే ఎక్కడికని దిగుతానండి?" అన్న ప్రశ్న ఇలాంటి వారిలో చాలామంది అడుగుతారు. తప్పుకున్న ప్రతిసారీ కలిగే ఊరట, తప్పుకోకపోతే ప్రాణం పోయేదన్న నమ్మకాన్ని గట్టిపరుస్తుంది. జేబులో ఎప్పుడూ మాత్ర ఉంచుకోవడం, ఆసుపత్రికి దగ్గరగా ఉన్న వీధుల్లోనే తిరగడం, గంటకోసారి నాడి పట్టుకుని చూసుకోవడం కూడా తప్పుకోవడంలో భాగాలే.

శరీరంలో కలిగే మామూలు మార్పులను మనిషి ప్రమాదంగా అర్థం చేసుకోవడం వల్ల భయం పెరిగి, ఆ భయం వల్ల అవే మార్పులు ఇంకా పెరిగి, అలా వలయంలా తిరుగుతూ దడ తారస్థాయికి చేరుతుందని బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో వివరించారు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే సీబీటీ, ఈ వలయాన్ని తెంచుతుంది. అది ఓదార్పు మాటలు చెప్పి పంపించడం కాదు. నా గదిలో రోగిని ఒక నిమిషం పాటు కావాలని వేగంగా ఊపిరి తీయమంటాను, తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి తిప్పుతాను, మెట్లు గబగబా ఎక్కి దిగమంటాను. నేనూ వారితో పాటు చేస్తాను. కళ్ళు తిరుగుతాయి, గుండె కొట్టుకుంటుంది, వేళ్ళు జివ్వుమంటాయి. "అచ్చం ఇలాగే వస్తుందండి" అంటారు. ఇంత భయపెట్టిన లక్షణాలు కొంచెం ఊపిరితో, నాలుగు మెట్లతో రప్పించగలిగినవేనని, వాటంతట అవే తగ్గుతాయని ఒంటితో తెలుసుకోవడం పది సలహాలకంటే బలంగా పనిచేస్తుంది.

తరువాత పంటు. మొదట రేవు దాకా వెళ్ళి, ఎక్కకుండా, దడ తగ్గేదాకా అక్కడే నిలబడటం. ఆపైన భర్తతో కలిసి అవతలి ఒడ్డుకు వెళ్ళి రావడం, తరువాత భర్త ఇవతలి ఒడ్డునే ఉండిపోవడం, చివరికి మాత్ర కూడా ఇంట్లో వదిలేసి ఒంటరిగా వెళ్ళడం. దడ వస్తే రానివ్వాలి, తగ్గకముందే వెనక్కి రాకూడదు. గుండెజబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు వైద్యులతో మాట్లాడకుండా వేగంగా ఊపిరి తీసే అభ్యాసం చేయకూడదు.

అపోహ: మానసిక వైద్యుల మందులు మొదలుపెడితే జీవితాంతం మానలేము.

ఇక్కడ రెండు రకాల మందులను జనం ఒకే గాటన కడుతున్నారు. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, పారోక్సెటిన్ వంటివి ఈ జబ్బుకు మొదటి వరుస మందులు. ఇవి మత్తు మందులు కావు. మొదటి వారం కొందరికి కంగారు కాస్త పెరుగుతుంది కనుక తక్కువ మోతాదుతో మొదలుపెడతాము. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది మూడో రోజునే పనిచేయలేదని మానేస్తారు. తగ్గిన తరువాత కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడి, వైద్యుల సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి.

రెండో రకమైన ఆల్‌ప్రజోలామ్ సంగతి వేరు. అరగంటలో హాయినిస్తుంది, అందుకే అలవాటవుతుంది. రోజూ వాడి ఒక్కసారిగా ఆపేస్తే దడ రెట్టింపై తిరిగి వస్తుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. షెడ్యూల్ హెచ్1లో ఉన్న ఈ మందును చీటీ లేకుండా అమ్మకూడదు. మొదటి కొద్ది వారాలకు మాత్రమే, వైద్యుల పర్యవేక్షణలో అవసరం పడవచ్చు. ఇప్పటికే ఎంతో కాలంగా వాడుతున్నవారు ఇది చదివి రేపటి నుంచే మానేయవద్దు, తగ్గించే పద్ధతి అడిగి తెలుసుకోండి.

అపోహ: ఇది ధైర్యం లేని ఆడవాళ్ళకు వచ్చేది.

స్త్రీలలో దాదాపు రెట్టింపు కనిపిస్తుందన్నది నిజమే, కానీ రాత్రంతా రొయ్యల చెరువు గట్టు మీద ఒంటరిగా కాపలా ఉండే మగవారికీ వస్తుంది. వారు దడ అని చెప్పరు, మందు తాగుతారు. మద్యం ఆ పూటకు దడను అణిచినా, దిగుతున్నప్పుడు తెల్లవారుజామున దానిని పెంచుతుంది. ఎక్కువైన టీ, కాఫీలు కూడా దడను పెంచేవే.

సహాయం కావలసినవారికి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇల్లు కదలలేనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బ్రతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆలస్యం చేయకుండా అదే నంబరుకు ఫోన్ చేయండి. పెళ్ళి సంబంధాలు చెడతాయన్న జంకుతో ఆగిపోయేవారికి ఒక మాట: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ జబ్బు వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. వచ్చేటప్పుడు ఆ పాత ఫైలును, ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నిటినీ, అప్పుడప్పుడు మింగేవాటితో సహా, వెంట తెచ్చుకోండి.