వాల్వు ఫోనో ప్రీయాంప్‌కి మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత వాల్వు ఫోనో ప్రీయాంప్, అంటే రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను వాల్వులతో పెంచే పెట్టె, చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని వాల్వులు మార్చడం. 1950, 60ల నాటి టెలిఫుంకెన్, ముల్లార్డ్ వాల్వుల కోసం వేలకు వేలు పోస్తారు. నా లెక్కలో అది చివర చేయవలసిన పని. ధ్వని నిజంగా బాగుపడేది పవర్ సప్లై దగ్గర, ఈక్వలైజేషన్ (స్వరాల హెచ్చుతగ్గులను సరిదిద్దడం) దగ్గర, కాట్రిడ్జ్ (సూది కదలికను సిగ్నల్‌గా మార్చేది) లోడ్ దగ్గర.

ఫోనో స్టేజీ, అంటే ఈ ప్రీయాంప్ సర్క్యూట్, చేసే పని మామూలు యాంప్లిఫయర్ పనికంటే కష్టం. మూవింగ్ మాగ్నెట్ (అయస్కాంతం కదిలే రకం) కాట్రిడ్జ్ నుంచి వచ్చేది దాదాపు 5 మిల్లీవోల్టులే. దాన్ని సుమారు 100 రెట్లు పెంచాలి, అదీ అన్ని స్వరాలకూ సమానంగా కాదు. గాడి మరీ వెడల్పు కాకుండా ఉండటానికి రికార్డు కోసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గిస్తారు. ఉపరితలపు గరగర వినబడకుండా తారస్వరాలను పెంచుతారు. వాయించేటప్పుడు ఫోనో స్టేజీ దీన్ని తిరగేయాలి. 1954లో స్థిరపడిన ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు పరిశ్రమ సంఘం) ప్రమాణం ప్రకారం, 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్‌ను 9 రెట్లకు పైగా పెంచాలి, 20,000 హెర్ట్జ్‌ను అంతే తగ్గించాలి. ఏ స్వరాన్ని ఎంత పెంచాలో, తగ్గించాలో చూపే ఈ వంపును నిర్ణయించేవి 3180, 318, 75 మైక్రోసెకన్ల టైమ్ కాన్‌స్టెంట్లు, అంటే రెసిస్టర్, కెపాసిటర్ జతల విలువలనుబట్టి వచ్చే కాలాలు.

దీనివల్ల మనకో చిక్కు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. సర్క్యూట్‌లోకి దూరిన 50 హెర్ట్జ్ హమ్మును ఈ స్టేజీ 1000 హెర్ట్జ్ సంగీతంకంటే 7 రెట్లు ఎక్కువ పెంచుతుంది. రేడియో, టేపు లాంటివాటికి వాడే మామూలు లైన్ యాంప్లిఫయర్‌లో చెవికి ఆనని హమ్ము ఇక్కడ పాట వెనక గుంయ్‌మంటూ ఉండటానికి కారణం అదే. కాబట్టి మొదట చూడాల్సింది పవర్ సప్లై.

డైనాకో పాస్-3 అనే పాత అమెరికా ప్రీయాంప్‌నే తీసుకుందాం. డేవిడ్ హాఫ్లర్ ఫిలడెల్ఫియాలో పెట్టిన కంపెనీ 1960ల్లో దీన్ని కిట్‌గానూ, తయారుగానూ అమ్మింది. అందులో నాలుగు 12ఏఎక్స్7 వాల్వులు, ఒక 12ఎక్స్4 రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే వాల్వు). ఫోనో భాగంలో చానెల్‌కు ఒక 12ఏఎక్స్7, అంటే రెండు ట్రయోడ్లు (ఒక్కొక్కటీ ఒక పెంపు దశ; సిగ్నల్ గ్రిడ్‌లోకి వెళ్లి, పెరిగి ప్లేట్ నుంచి వస్తుంది). హమ్ము తగ్గడానికి హీటర్లకు (వాల్వును లోపల వేడిచేసే తీగలకు) డీసీ ఇచ్చారు. ఆ డీసీని తయారుచేసేది సెలీనియం రెక్టిఫయర్. వయసు మీదపడేకొద్దీ దానిలోనే ఎక్కువ వోల్టేజీ పడిపోయి హీటర్లకు చాలినంత అందదు. అది కాలిపోతే వచ్చే పొగ ఆరోగ్యానికి చెడ్డది. దాన్ని తీసి సిలికాన్ డయోడ్లు పెట్టడం మంచి మార్పే. అయితే సిలికాన్‌లో నష్టం తక్కువ కాబట్టి హీటర్ వోల్టేజీ ఈసారి హద్దు దాటొచ్చు. మల్టీమీటర్‌ను వాల్వు 4, 5 కాళ్ల మధ్య పెట్టి, 12.6 వోల్టుల దగ్గరికి వచ్చేదాకా సిరీస్ రెసిస్టర్ వేయాలి.

ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చడం తప్పనిసరి. పెద్దవి వేస్తే ఇంకా మంచిదనుకుని రెక్టిఫయర్ వాల్వు పక్కనే ఉన్న మొదటి కెపాసిటర్‌ను పెంచకండి. ఆన్ చేసినప్పుడల్లా వచ్చే కరెంటు తాకిడికి ఆ వాల్వు త్వరగా పోతుంది. పెంచదలిస్తే తర్వాతి దశల్లో పెంచాలి. అమెరికా సెట్టయితే 230 వోల్టులకు నేరుగా తగిలించకూడదు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. లోపల కొన్ని వందల వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. ఈ అలవాటు లేనివాళ్లు తెలిసిన మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకోవడమే క్షేమం.

సప్లై కుదిరాక ప్లేట్ రెసిస్టర్లు. పాత కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్‌కు ఒక దోషం ఉంది: దాని మీద డీసీ వోల్టేజీ పెరిగేకొద్దీ బుసబుస పెరుగుతుంది. మొదటి ట్రయోడ్ ప్లేట్ రెసిస్టర్ మీద వంద వోల్టులకు పైగానే ఉండొచ్చు, అక్కడ పుట్టిన రొద తర్వాతి దశలో పెరిగి బయటికొస్తుంది. కొద్ది రూపాయల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ అక్కడ ఇచ్చే ఫలితం, వేల రూపాయల వాల్వు కూడా ఇవ్వకపోవచ్చు. ఈక్వలైజేషన్ నెట్‌వర్క్‌లోనూ అంతే. కార్బన్ రెసిస్టర్ల విలువలు దశాబ్దాల్లో పైకి పాకుతాయి, రెండు చానెళ్లలో ఒకేలా పాకవు. గాయకుడి గొంతు మధ్యలో నిలబడక ఒక పక్కకు ఒరగడానికి ఇదీ ఒక కారణం. ఒక శాతం రెసిస్టర్లు, మీటర్‌తో కొలిచి జతకట్టిన కెపాసిటర్లు వేస్తే స్టీరియో బొమ్మ సరిగ్గా కూర్చుంటుంది. లీకయ్యే పాత కప్లింగ్ కెపాసిటర్లు (డీసీని ఆపి సంగీతాన్ని మాత్రం తర్వాతి దశకు పంపేవి) కూడా ఉండకూడదు, తర్వాతి గ్రిడ్‌కు డీసీ చేరితే వాల్వు పనిచేసే స్థితి, అంటే బయాసే మారిపోతుంది.

ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం కాట్రిడ్జ్ లోడ్, అంటే కాట్రిడ్జ్‌కు తగిలే రెసిస్టెన్స్, కెపాసిటెన్స్. 47 కిలోఓమ్స్ అందరికీ తెలుసు, కెపాసిటెన్స్ సంగతి మర్చిపోతారు. కాట్రిడ్జ్ కాయిల్ ఇండక్టెన్స్ అర హెన్రీ అనుకోండి. వైరూ, ఇన్‌పుట్టూ కలిపి 250 పీకోఫారడ్లయితే రెండూ కలిసి 14,000 హెర్ట్జ్ దగ్గర రెజొనేట్ అవుతాయి, అంటే అక్కడి స్వరాలను ఎగదోస్తాయి. 500 అయితే అది 10,000కు దిగుతుంది, సకారాలు చెవిని గుచ్చుతాయి, ఆపైన ధ్వని పడిపోతుంది. వాల్వు కూడా ఇందులో తన వంతు కలుపుతుంది. 12ఏఎక్స్7లో గ్రిడ్‌కూ ప్లేట్‌కూ మధ్య ఉండేది 1.6 పీకోఫారడ్లే, కానీ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చిన సిగ్నల్‌లో కొంత వెనక్కి పంపడం) లేని సర్క్యూట్‌లో గెయిన్ (పెంచే రెట్లు) 60 ఉంటే అది దాదాపు 100 పీకోఫారడ్లలా ప్రవర్తిస్తుంది. మిల్లర్ ఎఫెక్ట్ అంటే ఇదే. పొడుగు వైరు తీసి పొట్టి వైరు వేస్తే పైసా ఖర్చు లేకుండా వినిపించే తేడా వస్తుంది.

ఇవన్నీ అయ్యాకే వాల్వులు. పెన్సిల్‌తో మెల్లగా తట్టి, స్పీకర్‌లో ఖంగుమన్నదాన్ని మొదటి దశలో పెట్టకండి. 12ఏయూ7 అనే ఇంకో వాల్వు అదే సాకెట్‌లో కూర్చుంటుంది గానీ, దాని యాంప్లిఫికేషన్ 12ఏఎక్స్7లో అయిదో వంతే. గెయిన్ చాలక పాస్-3 లాంటి ఫీడ్‌బ్యాక్ సర్క్యూట్‌లో మంద్రమే తగ్గిపోతుంది. రెండు వాల్వులను పోల్చేటప్పుడు శబ్దస్థాయిని మీటర్‌తో సమానం చేయండి, కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపించడం చెవి స్వభావం.

ఇంట్లో 78 ఆర్‌పీఎం తెలుగు రికార్డులున్నవాళ్లకు ఇంకో మార్పు అక్కరకొస్తుంది. వాటిలో చాలా భాగం ఆర్ఐఏఏకు ముందువి, కంపెనీకో వంపు ఉండేది. ఈక్వలైజేషన్‌కు ఒక స్విచ్చి పెట్టి మంద్ర, తార స్వరాల విలువలు మార్చుకునే వీలు కల్పించి, వెడల్పాటి సూది వాడితే ఆ గొంతులు మందకొడితనం వదిలి తేటగా పలుకుతాయి.