సహాయ శిబిరంలో కుక్కకు చోటెందుకు లేదు?

జంట జలాశయాల గేట్లు ఎత్తి మూసీలోకి నీళ్లు వదిలినప్పుడల్లా హైదరాబాద్‌లో ఈ గొడవ మళ్లీ లేస్తుంది. ఇల్లు ఖాళీ చేయమని సిబ్బంది, కుక్కను వదిలి రామని ఇంటివాళ్లు. 1908 మూసీ వరద, ఆ తర్వాత కట్టిన ఆ జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) కథ అందరికీ తెలిసిందే. ఈ గొడవ వేళ్లు మాత్రం 2005లో ఉన్నాయి.

ఆ ఏడాది ఆగస్టు 29న కత్రినా తుపాను అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌ను ముంచేసింది. బస్సెక్కబోతున్న ఓ పిల్లాడి దగ్గర్నుంచి పోలీసు కుక్కపిల్లను లాగేసుకుంటే, ‘స్నోబాల్, స్నోబాల్’ అని వాంతి అయ్యేదాకా ఏడ్చాడు. పెంచుకున్న ప్రాణిని వదల్లేక నీళ్లలోనే ఉండిపోయినవాళ్లు ఎందరో. జంతువును వద్దంటే మనిషీ కదలడని అక్కడి ప్రభుత్వానికి అర్థమైంది. 2006 అక్టోబరులో చట్టం తెచ్చి, తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువులనూ చేర్చాలంది.

మన విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది కూడా 2005 డిసెంబరులోనే. అందులో 12వ సెక్షన్ చదవండి. శిబిరంలో నీడ, తిండి, నీళ్లు, వైద్యం, పారిశుద్ధ్యం ఎలా ఉండాలో చెప్పింది. అదంతా బాధితులైన మనుషులకే. దెబ్బతిన్న జీవనోపాధికి సాయం చేయాలనీ ఉంది. పశువు లెక్కలోకి వచ్చింది ఆ దారినే. 2022–26 కేంద్ర నిబంధనల ప్రకారం పాడి గేదె చనిపోతే 37,500 రూపాయలు, మేకకు 4,000. పశువుల శిబిరాలకు మేత ఖర్చూ ఇస్తారు. కుక్క, పిల్లి ఉపాధి కాదు కాబట్టి ఆ పరిహారం పట్టికలో లేవు.

బోటులో చోటు తక్కువ, శిబిరంలో పసిపిల్లలుంటారు, కరిస్తే ఎవరిది బాధ్యత అని అధికారులు అడుగుతారు. అదీ నిజమే. కానీ పట్టికలో ఉన్న గేదెకు దక్కే రక్షణైనా చాలావరకు చచ్చాక వచ్చే డబ్బే కదా! తబేలాలో, అంటే పాడి పశువుల కొట్టంలో, నీళ్లు చేరుతుంటే మొదట విప్పాల్సింది మెడలో పలుపు. విడిచిపెడితే గేదె ఈదుకుంటూ పోతుంది, కట్టేసి ఉంటే గుంజ దగ్గరే మునిగిపోతుంది.

2020 అక్టోబరు వరదలో హైదరాబాద్ కాలనీల్లో బోట్లు తిరిగాయి. 2025 సెప్టెంబరులో మూసీ మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్)లోకే వచ్చేసింది. అదే ఏడాది సవరించిన చట్టం రాష్ట్ర రాజధానులకు ప్రత్యేక విపత్తు నిర్వహణ సంస్థలకు వీలు కల్పించింది. హైదరాబాద్ ప్రణాళికలో ఏ ఫంక్షన్ హాల్లో ఏ గది జంతువులకో, బోటులో బోను ఎవరు పెట్టాలో, తబేలాలకు ముందుగా ఎవరు ఫోన్ చేయాలో పేర్లతో సహా రాయాలి.