సర్‌ప్లస్ వేరు, ఓవర్‌టాపింగ్ వేరు: గేట్లు ఎత్తినప్పుడల్లా పుట్టే అపోహలు

ఏటా వరద సీజన్ రాగానే శ్రీశైలం గేట్లు ఎత్తిన వీడియో ఒకటి గ్రూపుల్లో పడుతుంది, దాని కింద "డ్యామ్ ఓవర్‌ఫ్లో అవుతోంది, కింద ఊళ్లవాళ్లు జాగ్రత్త" అని ఎవరో ఒకరు తగిలిస్తారు, ఇక నా ఫోన్ మోగడం మొదలు. ఇరిగేషన్‌లో ఉద్యోగం, వరదలప్పుడు కంట్రోల్ రూమ్ డ్యూటీలు పడతాయి కాబట్టి చుట్టాలందరికీ నేనే హెల్ప్‌లైన్. అడిగేవాళ్ల మీద నాకేం కోపం లేదు, ఏటి ఒడ్డున ఇల్లుంటే ఎవరికైనా నిద్ర పట్టదు. కోపమల్లా ఆ రాసేవాళ్ల మీదే. మేం వాడేవి సర్‌ప్లస్, స్పిల్, ఓవర్‌ఫ్లో, ఓవర్‌టాపింగ్, బ్రీచ్ అని ఐదు మాటలు, దేని అర్థం దానిదే, టీవీ స్క్రోలింగ్ ఎక్కేసరికి ఐదూ కలిసి ఒకటే ముద్ద అయిపోతాయి.

అపోహ: గేట్లు ఎత్తారంటే డ్యామ్ పొంగిపొర్లుతోంది, ఇంకెంతోసేపు ఆగదు.

వాస్తవం: కట్ట మీద నుంచి పొర్లకూడదనే గేట్లు ఎత్తేది బాబూ. శ్రీశైలం ఎఫ్‌ఆర్‌ఎల్, అంటే డ్యామ్ పూర్తిగా నిండే మట్టం, 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590. నీళ్లు ఆ మట్టం దగ్గరికి వచ్చాక ఇంకా ఇన్‌ఫ్లో వస్తుంటే కాలువలకీ పవర్‌హౌస్‌కీ పోగా మిగిలింది సర్‌ప్లస్. దాన్ని స్పిల్‌వే, అంటే డ్యామ్‌లో నీళ్లు వదలడానికే కట్టిన భాగం, మీదుగా కిందికి వదిలితే స్పిల్. శ్రీశైలానికి 12 గేట్లు, సాగర్‌కి 26 పెట్టిందే అందుకు. ఇంకో సంగతి, మా డ్రాయింగుల్లో స్పిల్‌వే ఉన్న భాగం పేరే ఓవర్‌ఫ్లో సెక్షన్, అటూ ఇటూ ఉండే గోడ నాన్ ఓవర్‌ఫ్లో సెక్షన్. అంటే టీవీలో ఎర్రక్షరాలతో వేసే ఓవర్‌ఫ్లో అనేది మాకు రోజువారీ మాట. మా గుండె ఆగేది ఓవర్‌టాపింగ్ అన్నప్పుడు. నీళ్లు దాటకూడని చోట, అంటే ఆ నాన్ ఓవర్‌ఫ్లో గోడ మీద నుంచో మట్టికట్ట మీద నుంచో దాటితే అది ఓవర్‌టాపింగ్, దాంతో కట్ట కోసుకుపోయి గండి పడితే బ్రీచ్.

ఊళ్లో పెద్దవాళ్లకి ఈ తేడా చెప్పక్కర్లేదు అసలు. చెరువు అలుగు పారిందంటే, తెలంగాణ వైపు మత్తడి దుంకిందంటే, కొబ్బరికాయ కొడతారు, పిల్లలు చేపల కోసం పరిగెత్తుతారు. అదే నీళ్లు కట్ట మీదకి ఎక్కుతున్నాయంటే ఇసుక బస్తాలేసుకుని పరిగెత్తుతారు. వానా అదే, చెరువూ అదే, నీళ్లు ఎటునుంచి పోతున్నాయన్నదే తేడా.

నీళ్లు మట్టం దాటి వచ్చినప్పుడు కూడా కాంక్రీటు, రాతికట్టడం ఒక రకం, మట్టికట్ట ఒక రకం. 2009 అక్టోబర్‌లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల (సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీళ్లు) దాకా వచ్చింది, స్పిల్‌వే డిజైన్ చేసినదానికంటే చాలా ఎక్కువ, మట్టం 896 అడుగుల దాకా పోయింది, పైన కర్నూలు మునిగింది, పవర్‌హౌస్‌లోకి నీళ్లొచ్చాయి, అయినా డ్యామ్ నిలబడింది. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టులో మాత్రం నీళ్లు మట్టికట్ట దాటాయి, కట్ట కొట్టుకుపోయింది, పులపత్తూరు, మందపల్లి వైపు ఊళ్లు ఏమయ్యాయో అందరం చూశాం. 2022 జులైలో కడెంలో గేట్ల పైనుంచి నీళ్లు దూకుతుంటే ఆ రాత్రి డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ నిద్రపోలేదు, కింద ఊళ్లు ఖాళీ చేయించారు, అది నిజంగా పరిగెత్తాల్సిన రాత్రే. అలాంటిదానికీ, సాగర్ గేట్లు ఐదేసి అడుగులు ఎత్తి టూరిస్టులు సెల్ఫీలు దిగే రోజుకీ ఒకే హెడ్డింగ్ పెడితే ఎలా?

దీనివల్ల అసలు నష్టం ఏంటో చెప్తా. మా పెద్దమ్మ వాళ్లది కృష్ణ పక్కన లంక ఊరు. ఒక ఏడాది అర్ధరాత్రి "సాగర్ కట్ట తెగింది" అని వాయిస్ మెసేజ్ వచ్చింది, ఎవరి గొంతో ఇప్పటికీ తెలీదు. పెదనాన్నకి మోకాళ్ల ఆపరేషన్ అయి మంచం మీదున్నాడు, ఆయన్ని వానలోనే ట్రాక్టర్ ఎక్కించి, గేదెల్ని విప్పేసి, ఊరంతా కరకట్ట ఎక్కేసింది. ఆ రాత్రి ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక కూడా లేదు, మామూలు సర్‌ప్లస్. పెదనాన్నకి జ్వరమొచ్చింది, తగ్గింది, అది వేరే సంగతి. తర్వాత నిజంగా హెచ్చరిక ఇచ్చి రెవెన్యూవాళ్లు పడవలతో వస్తే ఊళ్లో సగం మంది కదల్లేదు, "పోయినసారీ ఇట్టాగే అన్నారు" అని అరుగుల మీదే కూర్చున్నారు. లేని ప్రమాదానికి పరిగెత్తించినవాడు ఉన్న ప్రమాదంలో జనాన్ని కూర్చోబెట్టాడు, నా బాధంతా ఇదే.

2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు చైన్ తెగి కొట్టుకుపోయినప్పుడు కూడా "డ్యామ్ పోయింది" అనే కాల్సే అన్నీ. పోయింది 33 గేట్లలో ఒక గేటు. ఆ ఖాళీలోంచి పోయేది అదుపులో లేని స్పిల్, దాని ఒత్తిడి తగ్గించడానికే మిగతా గేట్లు కూడా తెరిచారు, వారంలోపే గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి సలహాతో స్టాప్‌లాగ్, అంటే గేటు బదులు అడ్డుపెట్టే ఇనుప దిమ్మ, దించారు. రైతుకి నీళ్లు పోయాయి, అది నిజమైన ఏడుపే, కానీ బ్రీచ్ కాదు.

అపోహ: రెండో ప్రమాద హెచ్చరిక అంటే బ్యారేజీకి ప్రమాదం.

వాస్తవం: ఆ హెచ్చరిక కట్టడం గురించి కాదు, కింద లంకల్లో, ఒడ్డున ఉన్నవాళ్ల గురించి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటిది, 5.69 లక్షలకి రెండోది. గోదావరి మీద ధవళేశ్వరంలో మూడు హెచ్చరికలకీ వరుసగా 10, 13, 17 లక్షలు. మీరు లంకలో ఉంటే కదలండి, హైదరాబాద్‌లో ఉండి "బ్యారేజీ ఉంటుందా" అని నన్నడగొద్దు.

అపోహ: సముద్రంలోకి పోయేదంతా వేస్ట్, ప్రకాశం బ్యారేజీలో ఆపొచ్చుగా.

వాస్తవం: ఆ బ్యారేజీ పట్టేది సుమారు 3 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). లక్ష క్యూసెక్కులు ఒకరోజు పారితే 8.64 టీఎంసీలు. 2024 సెప్టెంబర్‌లో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఆ లెక్కన మొత్తం ఖాళీగా ఉన్న బ్యారేజీ అయినా ముప్పావు గంటలో నిండిపోతుంది. పైన రిజర్వాయర్ల గురించి వాదించండి, నేనూ వస్తా, బ్యారేజీని తిట్టి లాభం లేదు.

అపోహ: ఆ 2024 సెప్టెంబర్‌లోనే విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది కృష్ణ సర్‌ప్లస్ వల్ల.

వాస్తవం: కాదు, బుడమేరు వాగుకి గండ్లు పడి. అది బ్రీచ్. రెండూ ఒకే రోజుల్లో రావడంతో జనం కలిపేశారు.

ఇక ఈసారి మెసేజ్ వస్తే ఏ డ్యామ్, ఎన్ని అడుగులు, ఎన్ని క్యూసెక్కులు, ఏ టైమ్‌కి అన్నవి ఉన్నాయా చూడండి. లేకపోతే ఎవరికీ పంపకండి, అనుమానంగా ఉంటే జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి కొట్టండి. కట్ట అడుగున బురదనీరు ఊరుతోందనో, గండి పడిందనో మీ ఊరివాళ్లెవరైనా కళ్లారా చూసి చెప్తే మాత్రం ఏ నంబర్ కోసమూ ఆగొద్దు, ముందు మిట్ట ఎక్కేయండి, ఫోన్లు అక్కడికెళ్లాక.