ఐదు రూపాయల షేరు చవకేనా? చిన్న షేర్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: 5 రూపాయల షేరు చవక, 800 రూపాయల షేరు ఖరీదు.

వాస్తవం: 5 రూపాయల షేర్లు 400 కోట్లుంటే కంపెనీ మొత్తం విలువ 2,000 కోట్లు. 800 రూపాయలవి కోటి షేర్లే ఉంటే 800 కోట్లు. ఈ మొత్తం విలువను లాభంతో, అప్పుతో పోల్చి చూస్తేనే చవకో ఖరీదో తేలుతుంది. స్ప్లిట్ (ఒక షేరును కొన్ని చిన్న షేర్లుగా విడగొట్టడం) ప్రకటించగానే ఎగబడేవాళ్లకూ ఇదే లెక్క. దోసెను నాలుగు ముక్కలు చేస్తే పిండి పెరగదు.

అపోహ: లాభం ఏటా పెరుగుతోంది, ఇంకేం చూడాలి?

వాస్తవం: క్యాష్ ఫ్లో, అంటే కంపెనీకి నిజంగా వచ్చిపోయిన నగదు చూడాలి. ఒక కంపెనీ అమ్మకాలు 100 కోట్ల నుంచి 120 కోట్లకు, లాభం 10 నుంచి 12 కోట్లకు పెరిగాయనుకోండి. అదే ఏడాది కార్యకలాపాల నుంచి వచ్చిన నగదు మైనస్ 4 కోట్లు. రావలసిన బాకీలు 20 కోట్ల నుంచి 40 కోట్లయ్యాయి. అంటే అంతకుముందు 73 రోజుల్లో వసూలయ్యే డబ్బుకు ఇప్పుడు 122 రోజులు పడుతోంది. సరుకు అమ్మినట్టు రాశారు, డబ్బు మాత్రం రాలేదు. వార్షిక నివేదిక నోట్స్‌లో ట్రేడ్ రిసీవబుల్స్ (సరుకు కొన్నవాళ్ల నుంచి రావలసిన బాకీలు) ఎంతకాలంగా నిలిచి ఉన్నాయో చెప్పే పట్టిక ఉంటుంది. అందులో రెండేళ్లు దాటిన బాకీలు పెరుగుతుంటే ఆ కంపెనీని అక్కడే వదిలేయొచ్చు. ఒక్క ఏడాది తేడా వస్తే కంగారు అక్కర్లేదు. ఐదేళ్ల లాభాన్నీ ఐదేళ్ల నగదునూ విడివిడిగా కూడి పోల్చండి.

బ్యాంకులో నగదు ఉందన్న మాటనూ పరీక్షించాలి. 100 కోట్లు డిపాజిట్లుగా ఉన్నాయంటూ ఏడాదికి కోటి వడ్డీ చూపిస్తే లెక్క కుదరదు. హైదరాబాద్ సత్యం కంపెనీలో 2009 జనవరి 7న బయటపడింది ఇలాంటిదే: ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవు.

అపోహ: ప్రమోటర్ (కంపెనీని స్థాపించి నడిపించే యజమాని) వాటా 70 శాతం, కాబట్టి భద్రం.

వాస్తవం: మూడు నెలలకోసారి వచ్చే షేర్‌హోల్డింగ్ వివరాల్లో ప్రమోటర్ తన షేర్లలో ఎన్ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చాడో చెప్పే గడి చూడండి. ధర పడితే అప్పిచ్చినవాళ్లు ఆ షేర్లను మార్కెట్లో అమ్మేస్తారు.

అపోహ: స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డర్) పెట్టాను, నష్టం అక్కడితో ఆగుతుంది.

వాస్తవం: చిన్న షేర్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 5 శాతం లోయర్ సర్క్యూట్ (ఆ రోజుకు ధర అంతకంటే పడకూడదని ఎక్స్ఛేంజ్ పెట్టిన హద్దు) పడితే అమ్మేవాళ్ల వరుస కనిపిస్తుంది, కొనేవాడు ఉండడు. స్టాప్‌లాస్ తగిలినా మీ ఆర్డర్ ఆ వరుస చివర నిలబడుతుంది. వరుసగా ఐదు రోజులు అలా జరిగితే 100 రూపాయల షేరు 95, 90.25 మీదుగా దాదాపు 77కు దిగుతుంది.

అందుకే ఎన్ని షేర్లు కొనాలో ముందే లెక్కేసుకోవాలి. పెట్టుబడి 5 లక్షలు, ఒక్కో షేరులో పోగొట్టుకోగలిగింది 1 శాతం, అంటే 5,000. కొనేది 120 దగ్గర, తప్పుకోవాలనుకున్నది 100 దగ్గర. ఆ లెక్కన 250 షేర్లు వస్తాయి. కానీ సర్క్యూట్ల వల్ల నిజంగా బయటపడేది 80 దగ్గరే అనుకుంటే షేరుకు 40 నష్టం, కొనాల్సింది 125 మాత్రమే. తర్వాత 20 రోజుల సగటు డెలివరీ (అదే రోజు తిరిగి అమ్మేయకుండా నిజంగా చేతులు మారిన షేర్లు) చూడండి. రోజుకు 400 షేర్లే చేతులు మారుతుంటే, అందులో పదో వంతు మించి అమ్మితే ధరను మీరే పడగొట్టుకుంటారు. రోజుకు 40 చొప్పున 125 అమ్మడానికి నాలుగో రోజు వస్తుంది. అంత ఓపిక లేకపోతే ఇంకా తగ్గించండి.

అపోహ: ధర పడింది కదా, ఇంకొన్ని కొని సగటు తగ్గించుకుందాం.

వాస్తవం: ఆ 5,000 పరిమితి మొత్తం షేర్లకు కలిపి. రెండోసారి కొనాలంటే మొదటి కొనుగోలు అందులో సగమే వాడి ఉండాలి. కంపెనీ లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్ మధ్యలో రాజీనామా చేశాక పడుతున్న షేరుకైతే ఆ మిగిలిన సగం కూడా వద్దు.